గుమ్మం మీది నలభై అక్షరాలు

నమోదు 1187. సెప్టెంబరు 3, గురువారం.
నీటి మట్టం 2.14 మీటర్లు. ఉప్పు 29. ఆగ్నేయం గాలి.

నీళ్ళ పడవ పదింటికి వచ్చి పన్నెండుకి వెళ్ళింది. దిబ్బ మీద అన్ని ఇళ్ళకీ టిన్నులు దిగాయి.

ఐదింటికి మట్టం కొలిచి మెరక మీది రేవు ఆఫీసుకి పంపాను. రోజూ యంత్రంలో కొట్టే వరుసే.

ముద్ర --మూయి --సంతకం --ఎవరికి మెరక_రేవు మట్టం_0903

మూస్తే దారిలో ఎవరూ చదవలేరు. సంతకం ఉంటే పంపింది నేనేనని అవతల తేలుతుంది. రెండూ చేసేది నా కార్డులో ఉన్న తాళం. మామూలుగా "చేరింది" అని వచ్చి ఊరుకుంటుంది. ఇవాళ దాని కింద ఇంకో వరుస వచ్చింది.

హెచ్చరిక: మీ తాళం ఊర్మిళ, నర్సు, మూడో దిబ్బ సంతకం మీద చెల్లుతోంది. ఆ తాళం గడువు 26 రోజుల్లో ముగుస్తుంది.

ఈ పుస్తకం మట్టాలు రాయడానికి ఇచ్చారు. మిగతా సంగతులు ఇందులో రాయకూడదు. రాయడానికి నా దగ్గర వేరే పుస్తకం లేదు.

ఊర్మిళ నా భార్య. మే 11న పోయింది. మెరకకి నేను ఇంకా తెలియజేయలేదు.

నమోదు 1188. సెప్టెంబరు 4, శుక్రవారం.
మట్టం 2.11. ఉప్పు 29. గాలి లేదు.

దిబ్బ మీద ఎవరెవరి తాళాలు ఆమె సంతకం మీద నిలబడి ఉన్నాయో వెతికించాను. అరవై ఒక్క ఇళ్ళు. మాది కాక.

ఆరేళ్ళ కిందట నాలుగో దిబ్బ పెద్దాయన గొంతునీ ముఖాన్నీ తెర మీద నకలు చేసి ఎవరో మెరకతో మాట్లాడి ఆ వారం నీళ్ళన్నీ వేరే చోటికి మళ్ళించుకున్నారు. అసలు పెద్దాయన అప్పుడు గట్టు మీద వల కుట్టుకుంటున్నాడు. అప్పటినుంచి మెరక గొంతు వినదు, ముఖం చూడదు. సంతకమే చూస్తుంది. ఇంటిపెద్ద తాళం చెల్లితేనే ఆ ఇంటి నీళ్ళ ఇండెంటు చెల్లుతుంది, టిన్నులు దిగుతాయి.

తాళం చెల్లాలంటే సర్కారు నర్సు సంతకం ఒక్కటి చాలు. లేకపోతే గుర్తింపున్న మామూలు మనుషులవి మూడు కావాలి. సంతకం పెట్టేవాళ్ళు ఆ మనిషిని ఎదురుగా చూడాలి. తాళం వేలిముద్ర చదివించుకుని సరిపోల్చుకోవాలి. వేలిముద్ర అంటే నలభై అక్షరాలు, నాలుగేసి చొప్పున పది ముక్కలు. ఇక్కడ అందరూ దాన్ని గుమ్మం మీద రంగుతో రాసుకుంటారు.

నాదొక్కటే పెట్టుకుని ఊరుకోకండి, ఇంకో ముగ్గురి చేత కూడా పెట్టించుకోండి అని ఊర్మిళ మొదట్లో ఇంటింటికీ చెప్పింది. ఒక్కరూ వినలేదు. నర్సమ్మ హస్తవాసి మంచిది, ఆ చెయ్యి పడ్డాక ఇంకో చెయ్యి దేనికన్నారు. కాన్పులకీ సూదులకీ నమ్మిన చేతినే సంతకానికీ నమ్మారు.

అక్టోబరు 1న పడవ వస్తుంది. అప్పటికి గడువు తీరి రెండు రోజులవుతుంది. ఒక్క ఇండెంటూ చెల్లదు. చుట్టూ ఉన్నవి ఉప్పు నీళ్ళు.

నమోదు 1189. సెప్టెంబరు 5, శనివారం.
మట్టం 2.11. ఉప్పు 30.

కొలబద్ద మీద నాచు గీకాను. సౌరపలకలు తుడిచాను.

మంగతాయారు వచ్చింది. చేపల బేరం చేస్తుంది. రోజూ పొద్దున దిబ్బంతా తిరిగి సరుకు కొని, మధ్యాహ్నం మెరక మార్కెట్‌కి తీసుకెళ్తుంది. ఆమె తాళానికి మార్కెట్ సంఘం వాళ్ళ సంతకాలున్నాయి. ఊర్మిళ సంతకం అక్కర్లేనివాళ్ళు నాకు తెలిసి ఇద్దరే. ఆమె ఒకతె. నీళ్ళ పడవ సరంగు మస్తాను రెండోవాడు.

"ఏంటి సార్, మొహం అట్టా ఉంది? తిన్నారా?"

తిన్నానన్నాను. సంగతి చెప్పాను.

"దీనికింత ఆలోచనెందుకు? గడువు పొడిగించెయ్యండి. నర్సమ్మ కార్డు మీ దగ్గరే ఉందిగా?"

"ఉంది."

"తెరిచే మాట?"

"తెలుసు."

"మరింకేం? నిమిషం పని. మెరకోళ్ళ లెక్కలో ఆవిడ బతికే ఉందిగా."

"ఉంది."

ఆమె కాసేపు బుట్ట మీద తడిగోనె సర్దింది. "నా నోరు ఊరుకోదు. పట్టించుకోకండి" అని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కార్డు పెట్టాను. తెరిచే మాట కొట్టాను.

ముద్ర --గడువు ఊర్మిళ
కొత్త గడువు ఎంత?

2 ఏళ్ళు అని కొట్టాను. ఆమెకి రెండేళ్ళు ఇవ్వడం అంత తేలిక.

ఖాయమేనా? అవును/కాదు

కార్డు బయటికి తీశాను.

పోయినవాళ్ళ తాళం వాడినట్టు బయటపడితే, అది అంతకుముందు పెట్టిన సంతకాలన్నీ కొట్టేస్తారు. దిబ్బని ఏడాది పాటు జాబితాలోంచి తీసేస్తారు. నియమం అది. నేను ఆగింది దానికోసమేనని రాయలేను. ఉత్తరం గట్టు మీద ఒకతని సంతకం కోసం ఊర్మిళ మూడుసార్లు వెళ్ళింది. మూడుసార్లూ అతను వేటలో ఉన్నాడు. అక్షరాలు గుమ్మం మీద ఉన్నాయిగా, పెట్టెయ్యమ్మా అంది అతని భార్య. ఊర్మిళ నాలుగోసారి వెళ్ళింది. ఆమె లేకుండా ఆ చేతితో నేను అవును కొట్టలేను.

నమోదు 1190. సెప్టెంబరు 6, ఆదివారం.
మట్టం 2.13. ఉప్పు 30.

మంగతాయారుతో కూర్చుని లెక్క వేశాం. ప్రతి ఇంటికీ మూడు సంతకాలు. ఆమెది ఒకటి. పొద్దున సరుకు కోసం తిరుగుతూనే పెట్టేస్తానంది. టిన్నుల కోసం ఇంటిపెద్దలంతా రేవుకి వస్తారు కాబట్టి మస్తాను అక్కడే పెట్టొచ్చు. మూడోది నాది.

నా సంతకానికి విలువ రావాలంటే ముందు నా తాళం ఊర్మిళ సంతకం లేకుండా నిలబడాలి. మంగతాయారు పెట్టింది. మస్తాను పెడతాడు. ఇంకొకటి మెరక రేవులో గుమాస్తా హైమావతి గారి చేత పెట్టించుకోవాలి. ఆమె సంతకం పెట్టాలంటే నేను వెళ్ళి ఎదురుగా నిలబడాలి. మనుషుల్ని చూసి సంతకం పెట్టే పని ఆమెకి గురువారాలే.

"గురువారం పడవెక్కి వెళ్ళి రండి" అంది మంగతాయారు.

చూద్దామన్నాను.

నమోదు 1192. సెప్టెంబరు 8, మంగళవారం.
మట్టం 2.20. ఉప్పు 27. రెండు జల్లులు.

ముందుగా ఇళ్ళవాళ్ళకి చెప్పి ఉంచుదామని ఉత్తరం గట్టుకి వెళ్ళాను. మొదటి ఇల్లు వెంకాయమ్మ గారిది. డెబ్బై దాటిన మనిషి. ఆ గట్టు మీద పదిహేను ఇళ్ళూ ఆవిడ మాట మీద నడుస్తాయి. అరుగు మీద రొయ్యలు ఒలుస్తోంది. విషయమంతా విని చేతులు కడుక్కుంది.

"మంగతాయారు పెట్టిపోయింది. సరంగు కూడా పెడితే పెట్టనీ. మూడోది మీరా?"

"నేనే."

"మీరంటే నాకు గౌరవం బాబూ. ఏమనుకోవద్దు. ఏడాది తిరక్కుండా మీ చేత్తో మా ఇంటి తాళం మీద... ఎట్టా చెప్పను."

"అర్థమైంది."

"ఏటిసూతకంలో ఉన్న మనిషి పసుపుకుంకం ముట్టుకోడు. మాకు మంచినీళ్ళు అంతకంటే ఎక్కువ."

లేచాను. ఆవిడ కొడుకు నన్ను గట్టు చివరిదాకా దిగబెట్టి, "అమ్మ అంతే సార్" అన్నాడు. అతని మాటలోనూ పెట్టండి అన్న ధ్వని లేదు.

నమోదు 1194. సెప్టెంబరు 10, గురువారం.
మట్టం 2.18. ఉప్పు 28.

మస్తాను రేవు మెట్ల మీదే యంత్రం పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరూ నలభై అక్షరాలు గట్టిగా చదవడం, అతను తెరతో సరిపోల్చడం. పన్నెండు దాకా నలభై ఇళ్ళు అయ్యాయి. నాకూ పెట్టాడు.

"ఎక్కండి సార్. హైమావతమ్మ ఇవాళ సీట్లో ఉంటది."

"వచ్చే వారం వస్తాను."

"వచ్చే వారానికి రోజులు మిగలాలిగా."

"పన్నెండు మిగులుతాయి."

"లెక్కలు మీకు రాకనా" అని తాడు విప్పాడు.

పడవ మలుపు తిరిగేదాకా రేవులో ఉన్నాను. మేలో ఆ పడవలోనే ఊర్మిళని తీసుకెళ్ళాను. ఖాళీ టిన్నుల మధ్య చాప వేసి పడుకోబెట్టాం. ఐదు రోజుల జ్వరం. తిరిగి వచ్చేటప్పుడు కూడా అదే పడవ. ఆసుపత్రి కాగితం రేవు ఆఫీసులో నేనే ఇవ్వాలి, ఇవ్వలేదు.

నమోదు 1201. సెప్టెంబరు 17, గురువారం.
మట్టం 2.16. ఉప్పు 28. పొద్దున ఆరింటి కొలత. సాయంత్రం కొలత లేదు.

మంగతాయారు నిన్నటికి అరవై ఒకటీ ముగించింది. మస్తాను పొద్దున మిగతా ఇరవై ఒకటీ పెట్టాడు. ఇక నావే మిగిలాయి. పడవెక్కాను. ముందు వైపు కూర్చున్నాను.

రేవు ఆఫీసులో హైమావతి గారు మధ్యవయసు మనిషి. కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. పనేమిటో చెప్పాను.

"మార్కండేయులు గారంటే మీరేనా! రోజూ ఐదుంపావుకి మీ మట్టం వస్తుంది. అది చూసే టీ తాగుతాను. ఊర్మిళ గారు రాలేదా? ఆవిడ పక్కనుండి వీరే మావారు అంటే, మరో మాట అడక్కుండా పెట్టేసేదాన్ని."

నా కార్డు బల్ల మీద పెట్టాను.

"మూడు సంతకాలు దేనికండీ అసలు? ఆవిడది ఉండగా?"

"ఆవిడ లేదు" అన్నాను. "మే 11న పోయింది."

హైమావతి గారు తెర చూశారు. నన్ను చూశారు.

"రికార్డులో ఉన్నారండీ."

"నేను చెప్పలేదు."

"నాలుగు నెలలు."

"అవును."

ఆవిడ కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు.

"ఇప్పుడు చెప్పారు. నేను విననట్టు ఉండలేను, నా ఉద్యోగం అది. యజమాని లేరని తెలిసిన తాళం డెబ్భై రెండు గంటల్లో రద్దు కావాలి. మీరు చేస్తే ఇకపై వాడుకలో లేదని చెయ్యొచ్చు. ఆవిడ సంతకాలు రికార్డులో ఉంటాయి, తాళాలు మాత్రం వాటి మీద చెల్లవు. మీరు చెయ్యకపోతే నేను చెయ్యాలి. నాకున్న మీట ఒక్కటే, దొంగచేతిలో పడింది అనే మీట. అదైతే ఆవిడ పెట్టినవి ఏవీ మిగలవు."

గడియారం చూశారు. "నాలుగున్నర. ఆదివారం నాలుగున్నర దాకా మీకు టైముంది. అప్పటికి ఎన్ని ఇళ్ళవుతాయి?"

"అరవై ఒకటి కావాలి."

"ముందు మీ వేలిముద్ర చదవండి."

చదివాను. నలభై అక్షరాలు. ఏడో ముక్క దగ్గర ఆగిపోయాను. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చారు. ఎనిమిదో ముక్క నుంచి చదవబోతే, "ఏడు మళ్ళీ చదవండి" అన్నారు. పద్ధతైన మనిషి. సంతకం పెట్టారు.

మార్కెట్‌వాళ్ళ తిరుగుపడవలో మంగతాయారు ఖాళీ బుట్టల మధ్య కూర్చుంది.

"చెప్పేశారా?"

"చెప్పాను."

"పన్నెండు రోజుల్ని మూడు చేసుకొచ్చారన్నమాట." ఒక బుట్ట కాళ్ళ దగ్గరికి లాక్కుని, "పోనీలెండి. ఎప్పటికైనా ఎవరో ఒకరు అడిగేవోళ్ళే" అంది.

నమోదు 1202. సెప్టెంబరు 18, శుక్రవారం.
మట్టం 2.15. ఉప్పు 28.

పందొమ్మిది ఇళ్ళు. తూర్పు వైపంతా. పొద్దున ఆరింటికి మొదలుపెట్టాను. వేటకి వెళ్ళినవాళ్ళ కోసం రేవులో కాచుకున్నాను. నీళ్ళు ఆగుతాయని తెలిశాక కొందరు మారుమాట లేకుండా చదివారు. కొందరు ముందు దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని చదివారు. ఒకావిడ నా యంత్రం మీద పసుపు నీళ్ళు చల్లింది. రెండు మీటలు కాసేపు పనిచెయ్యలేదు.

నమోదు 1203. సెప్టెంబరు 19, శనివారం.
మట్టం 2.15. ఉప్పు 29.

ఇరవై ఏడు. ఒక ఇంట్లో గుమ్మం మీది అక్షరాలకీ కార్డుకీ పొంతన కుదరలేదు. మూడో ముక్కలో ఒక అక్షరం తేడా. పెట్టనన్నాను. ఇంటాయన నిచ్చెన వేసి గోడ గీకాడు. కొత్త సున్నం కింద పాత అక్షరం బయటపడింది. పండక్కి వెల్ల వేసినప్పుడు బావమరిది చూడకుండా తిరగరాశాడట. ఇంటాయన నిచ్చెన మీది నుంచే బావమరిదిని తిట్టాడు. "అక్షరాలు ఎక్కువైతే ఎవడికైనా కళ్ళు తిరుగుతాయి బావా" అన్నాడతను కింద నుంచి. గంట పోయింది. పెట్టాను.

మిగిలినవి ఉత్తరం గట్టు మీది పదిహేను. సాయంత్రం వెళ్ళాను. అన్ని తలుపులూ తీసే ఉన్నాయి. ఎవరూ కార్డు బయటికి తియ్యలేదు. వెంకాయమ్మ గారు రేపు మాట్లాడదామంది.

నమోదు 1204. సెప్టెంబరు 20, ఆదివారం.
మట్టం 2.17. ఉప్పు 29.

తొమ్మిదింటికి ఆవిడ అరుగు మీద కూర్చున్నాను. మజ్జిగ ఇచ్చింది. పదయ్యింది. గట్టువాళ్ళు నలుగురైదుగురు వచ్చి నిలబడ్డారు.

"ఏడాది ఆగితే మిమ్మల్ని పిలిచి మరీ పెట్టించుకునేదాన్ని బాబూ."

"ఏడాది ఆగండమ్మా. గురువారం ఏం తాగుతారు?"

"మైల మాట ఒకటే అనుకోకండి." ఆవిడ గొంతు తగ్గింది. "నర్సమ్మ చెయ్యి పడ్డ తాళం ఇది. మీరు సాయంత్రం ఆవిడని రద్దు చేస్తారంట. ఆవిడ సంతకం తుడిచేసి, ఆ జాగాలో మీ ముగ్గురిదీ పెడతారంట. మా గట్టు మీద ఒప్పుకోం. నీళ్ళు లేకపోతే మానె."

నాకు ఇది తట్టలేదు. పన్నెండు రోజులుగా సూతకం గురించే ఆలోచిస్తున్నాను.

"తుడవడం లేదమ్మా" అన్నాను.

యంత్రం ఆవిడ వైపు తిప్పి, ఆవిడ తాళం మీద ఎవరెవరి సంతకాలున్నాయో తెరిపించాను. మూడు వరుసలు. మొదటిది ఊర్మిళ. పక్కన తేదీ.

"ఇది చెరగదు. ఇకపై కొత్తగా పెట్టదు, దీనొక్కదాని మీద తాళం చెల్లదు, అంతే. పాతది ఆ తేదీతో అట్లాగే ఉంటుంది. దీని కింద మంగతాయారు. దాని కింద మస్తాను. నాది అన్నిటికంటే కింద."

"ఆ తేదీ చదవండి."

చదివాను. జనవరి 14, ఐదేళ్ళ కిందటిది.

"ఆ పొద్దునే మా చిన్నకోడలికి పురుడు పోసింది" అంది నిలబడ్డవాళ్ళతో. "స్నానం చేసొచ్చి, తల తడి ఆరకుండానే ఇక్కడే కూర్చుని చదివించుకుంది. నేను అక్షరం తప్పు చదివితే, కళ్ళజోడు పెట్టుకోవమ్మా అని కసిరింది."

ఆ కసురు నాకు తెలుసు.

ఆవిడ చాలాసేపు ఆ వరుస చూసింది. తర్వాత, "మీ తాళానికి ఎవరెవరు పెట్టారు?" అని అడిగింది. చెప్పాను.

"మాలో ఎవురూ పెట్టలేదా?"

"అడగలేదమ్మా."

"పన్నెండేళ్ళ నుంచి ఉంటన్నారు ఈ దిబ్బ మీద. అడగలేదంట." కొడుకు వైపు తిరిగింది. "ఒరే, కార్డు తే. ముందు నేను ఈయనకి పెడతాను. నా చెయ్యి పడ్డాక ఈయన చెయ్యి మైలెట్టా అవుతాదో నేనూ చూస్తాను. చదవండి బాబూ, మీ నలభై."

నియమం ప్రకారం ఆవిడ సంతకం నాకు అక్కర్లేదు. అప్పటికే మూడున్నాయి. చదివాను. ఒక్కో ముక్కనీ ఆవిడ తిరిగి అంది. మీట కొడుకు చూపించాడు, నొక్కింది ఆవిడే. తర్వాత ఆవిడ తన అక్షరాలు చదివింది. నేను పెట్టాను.

పదిహేనో ఇల్లు మూడూ యాభైకి అయ్యింది.

ఇంటికొచ్చి ఊర్మిళ కార్డు పెట్టాను.

ముద్ర --రద్దు ఊర్మిళ
కారణం?
0. చెప్పడం లేదు
1. దొంగచేతిలో పడింది
2. కొత్త తాళం వచ్చింది
3. ఇకపై వాడుకలో లేదు

చనిపోయినవాళ్ళకి వేరే అంకె లేదు. 3 కొట్టాను.

వివరణ, కావాలంటే:

ఇది ఖాళీగా వదిలెయ్యొచ్చు. ఎక్కువమంది వదిలేస్తారట. నాలుగూ ఇరవై రెండుకి రాశాను.

"యజమాని మే 11న మరణించారు. ఈ తాళంతో పెట్టిన ప్రతి సంతకం మనిషిని చూసి, చదివించుకుని పెట్టినది. భర్త, మార్కండేయులు."

ఖాయమేనా? అవును/కాదు

అవును.

ఐదింటి కొలత ఐదున్నరకి పంపాను. హైమావతి గారి నుంచి, మూసి సంతకం చేసిన జవాబు వచ్చింది. విప్పితే ఒక్క ముక్క. "అందాయి. రెండూ."

నమోదు 1208. సెప్టెంబరు 24, గురువారం.
మట్టం 2.19. ఉప్పు 27. పడమటి గాలి.

పడవ పదింటికి వచ్చింది. మస్తాను జాబితా చదువుతుంటే పక్కన నిలబడ్డాను. అరవై ఒక్క ఇండెంట్లూ చెల్లాయి. ఉత్తరం గట్టువాళ్ళు టిన్నులు చేతులు మార్చుకుంటూ పైకి పంపారు. మంగతాయారు రేవుకి వచ్చి నిలబడింది కానీ ఏమీ అనలేదు. ఆమె ఊరుకోవడం అదే మొదటిసారి.

చివరికి మస్తాను జాబితా మళ్ళీ ఒకసారి కింద నుంచి పైకి చూశాడు.

"సార్, మీ ఇంటికి రాలేదు."

నిజమే. మా ఇంటి ఏడాది ఇండెంటు ఊర్మిళ పేరు మీద ఉంది. జనవరిలో ఆమే సంతకం పెట్టింది. ఆమె ఎవరికి సంతకం పెట్టిందో ఆ ఇళ్ళే నేను వెతికించాను. ఆమె తాళం ఆ జాబితాలో ఉండదు. మూడు వారాలు అందరి ఇళ్ళ లెక్కా చూశాను, ఇది తోచలేదు.

నాలుగు నెలలుగా ఇద్దరి నీళ్ళు దించుకుంటున్నాను. వారానికి పద్నాలుగు టిన్నులు. ఏడు వాడాను. ఏడు పక్కింటివాళ్ళకి ఇస్తూ వచ్చాను. ఎందుకని వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు.

"కొత్తది రాసి పెట్టండి, ఆగుతాను" అన్నాడు మస్తాను. "ఎవడు తొందరపెడతాడు నన్ను."

మెట్ల మీద కూర్చుని రాశాను. ఇల్లు: కొలత స్టేషను, మూడో దిబ్బ. ఇంటిపెద్ద: మార్కండేయులు. మనుషుల సంఖ్య.

1.

సంతకం పెట్టి పంపాను. అక్కడే చెల్లింది. ఏడు టిన్నులు దిగాయి. రెండు నేను మోశాను, మిగతావి మస్తాను, మంగతాయారు మోశారు.